గుమ్మం ముందు చెంబెడు నీళ్లు

మా ఇళ్లకు ఎవరు వచ్చినా ముందు చెంబుతో నీళ్లు బయటికి వస్తాయి. రామ్ రామ్ చెప్పుకోవడం, కాళ్లు కడుక్కోవడం, మంచం వాల్చడం, ఆ తర్వాతే మాట. గోండుల ఇంట పుట్టినవాళ్లకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. వచ్చిన చుట్టం నీళ్లు ముట్టకుండా కూర్చుంటే ఇంటివాళ్లకు చిన్నతనం. నేను కూడా చిన్నప్పుడు బిందె మోసినదాన్నే. కాని టీచర్ ఉద్యోగం వచ్చి, మండల కేంద్రంలో నల్లా ఉన్న ఇంట్లోకి మారాక, ఆ చెంబు వెనక ఎంత నడక ఉంటుందో మర్చిపోయాను. మళ్లీ గుర్తుకొచ్చిన తీరు కొంచెం సిగ్గుపడేదే. అయినా రాస్తున్నాను. ఇప్పుడు మన గూడేలు చూడడానికి వచ్చేవాళ్లు పెరిగారు. మన పిల్లలే జీపులు పెట్టుకొని వాళ్లకు దారి చూపిస్తున్నారు. టీచర్లం మనం కూడా పిల్లల్ని బస్సెక్కించి ఊళ్లు తిప్పుతున్నాం.

కొన్నేళ్ల కిందటి పుష్యమాసం. ట్రైనింగ్‌లో నాతో చదివిన స్నేహితురాళ్లు నాగోబా జాతర చూస్తామన్నారు. నేను మెస్రం ఇంటి ఆడబిడ్డను. కేస్లాపూర్ నా పుట్టింటి దేవుడి ఊరు. సంబరపడి, తప్పకుండా రండి అన్నాను. పిల్లాపాపలతో పదకొండు మంది, ఒక టెంపో. జాతరలో బస దొరకదని ముందురోజు రాత్రి మా అత్తగారి ఇంట్లో దింపాను. ఇంద్రవెల్లి రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే చిన్న గూడెం అది. ఆ వారం మోటారు కాలిపోయి పైపుల్లో నీళ్లు రావడం లేదు. మా మామ ఎడ్లబండి కట్టుకొని పోయి రెండు డ్రమ్ముల నీళ్లు తెచ్చి వాకిట్లో పెట్టాడు. మా ఇంటికి అవి మూడు రోజులు వస్తాయి.

తెల్లవారి చూస్తే వాకిలంతా బురద. ఒకరు నిండు చెంబు వంచుకుంటూ పళ్లు తోముతున్నారు. ఒక తల్లి ఇద్దరు పిల్లలకు షాంపూతో తలస్నానం చేయిస్తోంది. డ్రైవర్ టెంపో అద్దాల మీద దుమ్ము కడుగుతున్నాడు, రెండు బకెట్లు. తొమ్మిది కాకముందే డ్రమ్ముల అడుగు కనబడింది. వాళ్లలో ఒక్కరు కూడా చెడ్డవాళ్లు కారు. వాళ్ల ఇళ్లలో నల్లా తిప్పితే నీళ్లు వస్తాయి, ఇక్కడ డ్రమ్ములో ఉన్నాయి, అంతే తేడా అనుకున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. నోరు రాలేదు. చుట్టాలతో నీళ్ల మాట ఎట్లా ఎత్తడం?

అప్పుడు నేను ఏం చేస్తున్నానంటే, చాయ్ గ్లాసు పట్టుకొని వాళ్లకు నాగోబా కథ చెబుతున్నాను. మెస్రం వంశం వాళ్లు చెప్పులు లేకుండా నడిచి గోదావరి నీళ్లు తెస్తారని చెప్పగానే నా స్నేహితురాలు, "నీళ్ల కోసం అంత దూరం నడవడమా! ఎంత గొప్ప ఆచారం!" అంది. సరిగ్గా అప్పుడే మా అత్త వాగు వైపు నుంచి ఎక్కుతూ వస్తోంది. తల మీద రెండు బిందెలు, ఒకదాని మీద ఒకటి. ఆ పొద్దున అది మూడోసారి. ఆమెకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. స్నేహితురాలు గబగబా ఫోన్ తీసి ఫోటో కొట్టింది. వారం తర్వాత ఆ ఫోటో నాకే వచ్చింది, కింద "అందమైన గిరిజన జీవితం" అని రాసి.

ఆ ఫోటో నేను తీసేయలేదు. ఇప్పటికీ ఫోన్‌లో ఉంది.

బయటివాళ్లకు ఆదిలాబాద్ అంటే అడవి, జలపాతాలు. వానాకాలంలో కుంతాల దగ్గర నిలబడి, సుమారు 45 మీటర్ల పైనుంచి దూకే నీళ్లను చూసినవాళ్లు ఈ నేలకు నీటి కరువంటే నమ్మరు. ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోటు ఇది. అయితే మన గుట్టల కింద చాలాచోట్ల ఉన్నది నల్లరాయి, పాఠ్యపుస్తకంలో బసాల్ట్ అని చదువుతాం. అది ఇసుకరాయిలా నీళ్లు తాగదు. పగుళ్లలో పట్టినంతే దాచుకుంటుంది. మిగిలిన వాన వాలు చూసుకొని వాగుల్లో పడుతుంది. ఆ వాగులు కడెంలోనో పెద్దవాగులోనో కలుస్తాయి, చివరికి గోదావరికే చేరతాయి. శివరాత్రి దాటితే వాగులో ఇసుకే మిగులుతుంది. ఆ ఇసుకలో గుంట తవ్వి, ఊరే నీళ్ల కోసం కూర్చోవాలి. దాన్నే చెలిమె అంటాం.

కేస్లాపూర్ నుంచి మన వాళ్లు జన్నారం మండలం కలమడుగు దగ్గరున్న హస్తినమడుగు దాకా నడుస్తారు. రాను పోను నూరు కిలోమీటర్లకు పైమాటే. తెల్లబట్టలు, వట్టికాళ్లు. తెచ్చేది ఝారీ నిండా నీళ్లు. మన గుట్టల మీద కురిసి, మనల్ని దాటిపోయిన వాన నుంచే ఒక ఝారీ తిరిగి ఇంటికి తెచ్చుకుంటున్నాం అని నాకు అనిపిస్తుంది. పెద్దలు ఇలా చెప్పరు, దానికి వాళ్ల కథ వాళ్లకుంది. ఇది నా మాట. మా నాన్న ఒకసారి వెళ్లొచ్చాక ఆయన పాదాలు చూశాను, మడమల పగుళ్లలో ఎర్రమట్టి. దారిలో ఊళ్లవాళ్లు ఎదురొచ్చి దండం పెడతారు, బస ఇస్తారు. ఆ నడిచేవాళ్లు కూడా ప్రయాణికులే కదా. ఒక ఊరి మీద బరువు పడకుండా ఎలా పోవాలో వాళ్లను చూస్తే తెలుస్తుంది. ఎవరి ఊళ్లో ఆగితే ఆ ఊరి పెద్దతో మాట్లాడి ఆగుతారు. పెట్టింది తింటారు. పొద్దున లేచి పోతారు.

జాతరలో ఇంకో నీళ్ల పని కూడా ఉంది. సిరికొండ కుమ్మరులు చేసిన కొత్త కుండలతో మెస్రం ఆడబిడ్డలం, అల్లుళ్లం కలిసి కోనేటి నీళ్లు తెస్తాం. ఆ నీళ్లతో మట్టి కలిపి పుట్టలు కడతాం. పెళ్లయిన కొత్తలో నేను, మా ఆయన కలిసి చేశాం. ఆయనకు కుండ మోయడం అలవాటు లేక భుజం తడుపుకున్నాడు, మా వదినలు పడీపడీ నవ్వారు. ఆ రోజు మోసింది ఒక్క కుండే. అయినా ఒక్క చుక్క ఒలికితే ఏమవుతుందోనని ఎంత భయపడ్డానో! అదే మనిషిని, ఇంటి దగ్గర రెండు డ్రమ్ములు వాకిట్లో పారుతుంటే చూస్తూ కూర్చున్నాను.

చుట్టాలు వెళ్లిన రాత్రి మా అత్తతో, "నాకు ఒక్క మాట చెప్పాల్సింది" అన్నాను. "నీ చుట్టాలకు నేనెట్ల చెప్త?" అంది. అంటే చెప్పాల్సింది నేనే. అది నాకు అర్థమైంది, కాని అప్పటికింకా పూర్తిగా బుద్ధి రాలేదు.

బుద్ధి వచ్చింది జోడేఘాట్ వెళ్లొచ్చిన రోజు. ఫిబ్రవరి చివర్లో మా బడి పిల్లల్ని, ముప్పై ఎనిమిది మందిని, కొమురం భీం పోరాడిన నేల చూపిద్దామని తీసుకెళ్లాం. 1940లో ఆయన అక్కడే నేలకొరిగాడు. స్మారకం చూశారు, మ్యూజియం చూశారు. బయటికొచ్చి గట్టిగా "జల్, జంగల్, జమీన్" అని అరిచారు. నాకు ఒళ్లు పులకరించింది. వచ్చేటప్పుడు బస్సులో పిల్లలు సీసాల్లో మిగిలిన నీళ్లు ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. నేను కసిరానే గాని ఆపలేదు. విహారం కదా, పోనీ అనుకున్నాను.

ఘాట్ దిగకముందే అందరికీ దాహం. రోడ్డు పక్కన ఒక కొలాం గూడెం కనబడితే బస్సు ఆపించాను. ఒక అవ్వ బయటికొచ్చింది. ఇంతమంది పిల్లల్ని చూసి ఏమీ అడగలేదు, లోపలికి పోయి బిందె తెచ్చింది. పక్కింటి ఆమె ఇంకోటి తెచ్చింది. మొత్తం నాలుగు బిందెలు బయటికొచ్చాయి. పిల్లలు తాగారు. కొందరు మూతి పెట్టి తాగి మిగిలింది పారబోశారు, ఇద్దరు మొహాలు కడుక్కున్నారు, ఒకడు చెప్పుకు అంటిన పేడ కడిగాడు. నేను అవ్వకు దండం పెట్టి, పిల్లల్ని వరుసలో నిలబెట్టి, అందరితో ధన్యవాదాలు చెప్పించాను.

నాలుగో తరగతి పిల్ల ఒకతి బస్సు మెట్టు మీద కూర్చొని ఉంది. తాగలేదు. "దాహం కాలేదా?" అంటే, "అయింది టీచర్" అంది. "మరి?" అంటే నెమ్మదిగా చెప్పింది: "అవి వాళ్ల రాత్రి నీళ్లు."

ఆ పిల్లది అలాంటి గుట్టమీది గూడెమే. ఇంట్లో ఎన్ని బిందెలున్నాయో, ఏ బిందె ఏ పూటదో ఆ ఇళ్ల పిల్లలకు తెలుస్తుంది. నేను జల్, జంగల్, జమీన్ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మొదటి మాట జల్. పొద్దుటి నుంచి అదే అరిపించి, సాయంత్రానికి ఆదివాసీల పిల్లలతో ఆదివాసీల గూడెంలో నీళ్లు ఖాళీ చేయించాను. పట్నంవాళ్లనైతే ఏదో ఒకటి అనుకోవచ్చు. ఇక్కడ ఎవరిని అనాలి?

డ్రైవర్‌ను బతిమాలి బస్సు ఆపించాను. అవ్వ, "తాగనీ బాయి, పిల్లలు గదా" అంటూనే ఉంది. నాలుగు బిందెలు తీసుకొని, పెద్దపిల్లలు పన్నెండు మందితో ఆమె వెంట వాగులోకి దిగాను. చెలిమె మోకాలి లోతు గుంట. అడుగున అరచేతి వెడల్పు నీళ్లు. సొరకాయ డిప్పతో మెల్లగా తోడాలి, తొందరపడితే ఇసుక లేచి నీళ్లు మసకబారతాయి. మళ్లీ ఊరేదాకా ఆగాలి. మొదటి బిందె నిండడానికి నా గడియారంలో ఇరవై నిమిషాలు పట్టింది. మొదట కేకలు వేసిన పిల్లలు రెండో బిందెకు వచ్చేసరికి మాట్లాడడం మానేశారు. చెప్పు కడిగినవాడే నాలుగో బిందెను భుజం మీద పెట్టుకొని గట్టు ఎక్కాడు. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. తల్లిదండ్రులు బడి గేటు దగ్గర కాచుకొని ఉన్నారు, హెడ్మాస్టరు సారు అందరి ముందే నన్ను కోప్పడ్డారు. ఆయన కోపంలో తప్పు లేదు. ఆలస్యమవుతుందని కబురు కూడా పెట్టలేదు నేను.

మర్నాడు అదే లెక్క బోర్డు మీద వేశాం. ముప్పై ఎనిమిది మందికి, మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున 114 లీటర్లు. బిందెకు 15 లీటర్లు పడితే ఎనిమిది బిందెలు. బిందెకు 20 నిమిషాలైతే చెలిమె దగ్గరే 160 నిమిషాలు, నడక కాక. ఐదో తరగతి లెక్కల పుస్తకంలో దీనికన్నా మంచి లెక్క నాకు దొరకలేదు. తోటి టీచర్లకు చెబుతున్నాను, విహారయాత్రకు డబ్బులు వసూలు చేసేముందు ఈ లెక్క వేయించండి. బస్సు కిరాయి, భోజనం ఖర్చు రాసే కాగితం మీదే నీళ్లు కూడా రాయండి. మేం ఇప్పుడు 20 లీటర్ల క్యాన్లు ఆరు నింపి బస్సులో వేసుకొని పోతాం. పోయే ఊరి పటేల్‌కు ముందే ఫోన్ చేసి నీళ్ల సంగతి అడుగుతాం. కడగాల్సిన పని లేకుండా మోదుగాకు విస్తర్లు. ప్రతి పిల్లకూ ఒక స్టీలు గ్లాసు, ఎత్తి తాగాలి. వాగు కనబడగానే సబ్బు తీయకూడదు. ఎందుకంటే మనం స్నానం చేసే మడుగుకు దిగువన ఎవరి చెలిమె ఉందో మనకు తెలియదు. తాగి పారేసే నీళ్ల ప్యాకెట్లు మాత్రం కొనం. జాతర అయిపోయాక కేస్లాపూర్ పొలాల్లో అవి ఎన్ని ఎగురుతాయో చూశాను, మేకలు నములుతుంటే కూడా చూశాను. తెచ్చిన చెత్త అదే బస్సులో తిరిగి వస్తుంది.

జీపులు నడిపే తమ్ముళ్లకు, వీడియోలు తీసే తమ్ముళ్లకు ఒక మాట. మీరు జనాన్ని తేవద్దని నేను అనను. జాతర ఎప్పుడూ నలుగురి కోసం తెరిచే ఉంది, పైగా దాంతో మీ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. ఏమేం చూపిస్తారో చెప్పినట్టే, ఏమేం చేయకూడదో కూడా జీపు ఎక్కకముందే చెప్పండి. ఎక్కాక చెబితే గొడవ, దిగాక చెబితే అవమానం. మా తమ్ముడి భార్య భేటింగ్ రోజు జరిగింది ఇంకా మర్చిపోలేదు. కొత్త కోడళ్లు తెల్లచీరల్లో ముసుగు వేసుకొని దేవుడి ముందుకు వస్తుంటే, ఒకాయన వంగి ముసుగు కిందికి ఫోన్ పెట్టాడు. ఆయన వెంట వచ్చిన కుర్రాడు మనవాడే. పక్కనే నిలబడి తల దించుకున్నాడు. వాడిని నేను ఏమీ అనలేకపోయాను. వాకిట్లో నీళ్లు పారిన పొద్దున నేనూ అలాగే నిలబడ్డాను కదా.

నీళ్ల మాట చుట్టానికి చెబితే మర్యాద పోతుందని మన పెద్దలు అంటారు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఒప్పుకోను. వెనక మన చుట్టం ఎడ్లబండి మీదో, నడిచో వచ్చేవాడు. ఒకరో ఇద్దరో. వాళ్ల ఇంట్లోనూ చెలిమె నీళ్లే కాబట్టి చెంబులో సగం వాడి సగం మిగిల్చేవాడు. మర్యాద రెండు వైపులా ఉండేది. ఇప్పుడు టెంపో నిండా వస్తున్నారు. ఆ మర్యాద మొత్తం మోస్తున్నది ఇంటి ఆడవాళ్ల మెడలు. పైగా, చెబితే చాలామంది వింటారు. ఈ సంగతి నాకు ఆశ్చర్యమే. చెప్పకపోవడం మన తప్పయితే, వాళ్లను తిట్టుకోవడం దేనికి? విననివాళ్లూ ఉంటారు, వాళ్లకు మన గూడెం చూపించనక్కరలేదు. ఇంకొకటి, ఎవరింట్లో దిగినా నీళ్లబండి కిరాయి విడిగా ఇప్పించండి. భోజనం డబ్బుల్లో కలిసిపోతే ఆ డబ్బు మగవాళ్ల జేబులోకి పోతుంది.

పోయిన జాతరకు మా ఆడపడుచు కొడుకు తన జీపులో ఆరుగురిని తెచ్చాడు. డిగ్రీ చదువుతున్నవాడు, నోరు మంచిది. ముందురోజే ఫోన్‌లో చెప్పాడట, మనిషికి ఐదు లీటర్లు వెంట తెచ్చుకోవాలి, స్నానం తిరిగి వెళ్లాకే అని. తెచ్చుకున్నారు. మా అత్త ఎప్పటిలాగే గుమ్మం ముందు చెంబు పెట్టింది, ఆ మర్యాద ఆమె ఎవరు చెప్పినా మానదు. ఒక్క చెంబే. ఆరుగురూ దాంతోనే కాళ్లు తడుపుకున్నారు, ఆఖరివాడికి నాలుగు చుక్కలు మిగిలితే నవ్వుకున్నారు. పొద్దున ఆమె బిందె తీయగానే మా వాడు, "అమ్మమ్మతో ఎవరైనా వస్తారా?" అని అడిగాడు. ముగ్గురు లేచారు.

నేనూ వెనకాలే వెళ్లాను. చెలిమె చుట్టూ గుండ్రంగా నిలబడి వంగి చూస్తున్నారు. అందులో ఒక అబ్బాయి బాగా అంచుకు జరిగి, "ఇంకెంతసేపు పడుతుంది అవ్వా?" అన్నాడు. మా అత్త డిప్ప పక్కన పెట్టి అతని బూటు వైపు చూసింది.

"కాలు జరుపు బిడ్డా, ఇసుక రాలుతంది."

అతను వెనక్కి జరిగి, బూట్లు విప్పి, ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.